జాగ్రత్త: గేమ్ డిస్క్ నడుస్తోంది కదా అని పీఎస్5కి సినిమా డిస్క్ కొనేయకండి

సైలెంట్ హిల్ అనే హారర్ గేమ్ మీద తీసిన సినిమా బ్లూరే (హెచ్‌డీ సినిమా డిస్క్) కోసం వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్)లో చూద్దామని కొని నాకు 3,850 రూపాయలు పోయాయి. అమ్మింది ఇంపోర్ట్ డిస్కులు తెప్పించే ఒక ఆన్‌లైన్ షాపు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

సైలెంట్ హిల్ 2 రీమేక్ (2024 అక్టోబర్‌లో వచ్చింది) గేమ్ పూర్తి చేశాక అందులోని సైలెంట్ హిల్ ఊరు నన్ను వదల్లేదు. క్రిస్టోఫ్ గాన్స్ 2006లో తీసిన సినిమాను ఎప్పుడో హాస్టల్లో, లాప్‌టాప్ మీద, చీకటి సీన్లలో ఏమీ కనపడని కాపీలో చూశాను. ఈసారైనా పెద్ద టీవీలో పద్ధతిగా చూద్దామనుకున్నా. షాపు పేజీలో పిరమిడ్ హెడ్ (తల స్థానంలో లోహపు పిరమిడ్ ఉన్న రాక్షసుడు) బొమ్మ, దాని కింద ఇలా ఉంది: "సైలెంట్ హిల్ 2 గేమ్ ఆధారంగా తీసిన సినిమా. ఆల్ రీజియన్. పీఎస్5లో ప్లే అవుతుంది." ఆల్ రీజియన్ అంటే ఏ దేశపు ప్లేయర్‌లోనైనా నడుస్తుందని.

మొదటి మాటే తప్పని నాకు అప్పుడే తెలుసు. 2006 సినిమాకి ఆధారం 1999లో ప్లేస్టేషన్‌కి వచ్చిన మొదటి గేమ్. అందులో కూతురి కోసం వెతికే తండ్రి హ్యారీ. సినిమాకి వచ్చేసరికి ఆ పాత్ర తల్లి అయింది, పేరు రోజ్. పిరమిడ్ హెడ్‌ని మాత్రం రెండో గేమ్ నుంచి అరువు తెచ్చుకున్నారు. అక్కడ వాడు ఆ గేమ్ హీరో జేమ్స్ చేసిన పాపానికి పడిన శిక్ష. జేమ్సే లేని కథలో వాడికి పనేముంది? కత్తి ఈడ్చుకుంటూ వస్తాడు, హడలగొడతాడు, పోతాడు. చూడ్డానికి మాత్రం అదిరిపోతాడు, అందుకే అట్ట మీదికి ఎక్కించేస్తారు. రెండో గేమ్ కథతో గాన్స్ తీసింది వేరే సినిమా, రిటర్న్ టు సైలెంట్ హిల్. అది 2026 జనవరిలో విడుదలైంది. జేమ్స్, అతని భార్య మేరీల కథ అనుకుని 2006 డిస్క్ కొంటే పక్కింటి పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసొచ్చినట్టే. ఒక అబద్ధం కళ్లెదురుగా కనిపిస్తున్నా మిగతా రెండు మాటలు నమ్మాను చూడండి, అది నా తప్పు.

అంత తొందర ఎందుకంటే, గేమ్‌ని సినిమా చేసినవాళ్లలో ఊరి వాతావరణాన్ని పట్టుకున్నవాళ్లు తక్కువ. పాత ప్లేస్టేషన్ దూరంగా ఉన్న వీధులను గీయలేకపోయేది. ఆ లోపాన్ని దాచడానికి పొగమంచు కప్పారు, అదే ఆ గేమ్‌కి ప్రాణమైంది. సినిమాలో దానికి బూడిద తోడైంది. 1962 నుంచి భూమి కింద బొగ్గు మండుతూనే ఉన్న సెంట్రేలియా అనే పెన్సిల్వేనియా ఊరిని స్క్రీన్‌ప్లే రచయిత రోజర్ ఏవరీ మనసులో పెట్టుకుని రాశాడు. గేముల కోసం అకిరా యమావోకా చేసిన సంగీతాన్నే వాడారు. సైరన్ మోగగానే గోడల మీద పెచ్చులు ఊడిపోతూ లోపలి తుప్పు బయటపడే సీను ఉందే, దాన్ని చూడ్డానికే ఈ ఖర్చంతా.

శనివారం రాత్రి సీల్ విప్పి, లైట్లన్నీ ఆపి డిస్క్ పెట్టాను. డ్రైవ్ గుర్రుమని తిరిగింది. ఈ డిస్క్ రీజియన్ కోడ్ వేరు, ప్లే చేయడం కుదరదని టీవీ మీద మెసేజ్. అప్పుడు పెట్టె తిప్పి చూస్తే వెనక మూలన, ఆరు పలకల చిన్న బొమ్మలో 'ఎ' అనే అక్షరం. గోరంత కూడా లేదు.

అసలు విషయం ఇది. పీఎస్5 గేమ్ డిస్కులకు రీజియన్ లాక్ లేదు, అమెరికాలో కొన్నది ఇక్కడా నడుస్తుంది. సినిమా బ్లూరేల లెక్క వేరు, చాలావాటికి ఒక ప్రాంతపు ప్లేయర్లలోనే నడిచేలా రీజియన్ కోడ్ పెడతారు. అమెరికా, జపాన్ 'ఎ'లోకి వస్తాయి. యూరప్, ఆస్ట్రేలియా 'బి'. మన దేశం 'సి'. ఇక్కడ కొన్న పీఎస్5 'ఎ' మాత్రమే ఉన్న డిస్క్‌ని ముట్టుకోదు. సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, అలాంటి ఆప్షనే లేదు. డీవీడీలకూ ఇదే గొడవ, మనది 5, అమెరికాది 1. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు మాత్రం రీజియన్ ఉండదు, కాకపోతే అవి పీఎస్4లో నడవవు.

షాపువాడికి మెసేజ్ పెట్టాను. "సీల్ విప్పారు కదా సార్, రిటర్న్ కుదరదు" అన్నాడు. సీల్ విప్పకుండా ప్లే అవుతుందో లేదో ఎలా తెలుస్తుందండీ అంటే, "డిస్క్ బాగానే ఉంది సార్, ప్రాబ్లం మీ పీఎస్5ది" అని జవాబు. రెండు రోజుల తర్వాత చూస్తే పేజీలో 'ఆల్ రీజియన్' అనే మాట మాయం. ఆర్డర్ పెట్టిన రోజే మా తమ్ముడికి పంపిన స్క్రీన్‌షాట్ ఉండబట్టి బతికిపోయాను. మీరు మాత్రం ఏది కొన్నా ముందు పేజీని ఫోటో తీసి పెట్టుకోండి, పెట్టె వెనక వైపు ఫోటో కూడా అడగండి. పంపనంటే వదిలేయండి. చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనడానికి లేదు, 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ సంగతి చెప్పాక వాడు సగం డబ్బు షాపు క్రెడిట్‌గా ఇస్తానన్నాడు. మళ్లీ వాడి దగ్గరే కొనాలట! వద్దన్నాను.

డబ్బు వెనక్కి వస్తే డిస్క్ వాడికే పంపేస్తాను. రాకపోతే వచ్చే నెల మా పిన్ని డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తోంది, ఆవకాయ ప్యాకెట్ల మధ్య పెట్టి ఇస్తాను. అక్కడైతే ప్లే అవుతుంది. కానీ మా పిన్ని కొడుక్కి దయ్యాల సినిమాలంటే హడల్, మొదటి సైరన్‌కే ఆపేస్తానని ఇప్పుడే చెప్పేశాడు.