తాగుడు ఉన్న ఇంట్లో పెరిగినవారికి అల్-అనాన్ సమావేశాలు

గేటు గడియ చప్పుడును బట్టే నాన్నగారు ఆ రాత్రి ఎంత తాగి వచ్చారో పసిగట్టి, చెల్లెలి పుస్తకాలు గబగబా సర్ది, అమ్మ ముఖం వైపు చూసే అలవాటు నాకు నలభై ఏళ్లు వచ్చినా పోలేదు. ఇంట్లో ఎవరు చిన్నబుచ్చుకున్నా తప్పు నాదేననిపించేది.

తాగుడుకు బానిసలైనవారి కుటుంబాల కోసం 1951లో అమెరికాలో మొదలైన అల్-అనాన్ సమావేశాలకు ఏడాదిగా వెళుతున్నాను. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు, ఇష్టమైతే చందా వేయవచ్చు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డు తగలరు, సలహాలివ్వరు. ఆ మౌనం మొదటి వారం నన్ను ఇబ్బంది పెట్టింది, మూడో వారానికి అదే ఊరటయింది. ఆ వ్యసనానికి కారణం మనం కాదని, దాన్ని మనం అదుపు చేయలేమని, నయం చేయలేమని అక్కడ విన్న రోజున, నాన్నగారి ఆఫీసుకు ఫోన్ చేసి ఆయనకు జ్వరమని అబద్ధం చెప్పిన పదేళ్ల పిల్లను తొలిసారి క్షమించగలిగాను. నిజానికి ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు.

ఇది మానసిక వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. దెబ్బలు తిని పెరిగినవారు, నిద్రకు దూరమైనవారు కౌన్సెలింగ్ కూడా తీసుకోవాలి. కోలుకోవడానికి ఈ సమావేశాల్లో అనుసరించే పన్నెండు సూత్రాల్లో, అంటే 'పన్నెండు మెట్ల'లో ఉన్న దైవప్రస్తావన కొందరికి రుచించకపోవచ్చు.

మొన్న తమ్ముడు మళ్లీ అప్పు తీర్చమని అడిగితే, "ఈసారి నా వల్ల కాదు నాన్నా" అని నెమ్మదిగా చెప్పి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.