పాత డీటీపీ సిస్టంలో రెగ్‌బ్యాక్: చాలాకాలం వాడాక

పాడైన విండోస్‌ను, ముందు గుర్తుపెట్టుకున్న ఒక రోజు స్థితికి (రీస్టోర్ పాయింట్‌కు) వెనక్కి తీసుకెళ్లే సిస్టం రీస్టోర్ ఏమిటో అందరికీ తెలుసు. విండోస్ 7లో దాని పక్కనే, ఎవరూ పట్టించుకోని ఫోల్డర్ ఒకటుంది. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టం32, అందులో కాన్ఫిగ్, దాని లోపల రెగ్‌బ్యాక్. విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీ ఫైళ్లకు ఒక కాపీ అందులో ఉంటుంది. నా రివ్యూ దాని గురించే. ఈ పాత సిస్టంలో ఒక్కటి మెచ్చుకోమంటే దాన్నే మెచ్చుకుంటా.

సిస్టం అనంతపురంలో డీటీపీ పని చేసేది. 160 జీబీ హార్డ్ డిస్కు, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, లీగల్ సైజు పేపరు తీసుకునే లేజర్ ప్రింటర్. సోమవారం కలెక్టరేట్లో గ్రీవెన్స్ కాబట్టి పొద్దున్నే అర్జీలు పట్టుకుని జనం నిలబడి ఉంటారు. ఆ రోజు సిస్టం లేవకపోతే పని గోవిందా. విండోస్ మళ్లీ ఎక్కించడం పెద్ద పనేం కాదు. కానీ ఫాంట్లు, కీబోర్డు, ప్రింటర్ మార్జిన్లు మళ్లీ కుదిరేసరికి సాయంత్రమవుతుంది.

ఎండాకాలం కరెంటు పోయినప్పుడు యూపీఎస్ బ్యాటరీ ఆగలేదంటే, రిజిస్ట్రీ ఫైలు సగం రాసిన స్థితిలో ఉండిపోవచ్చు. ఇక్కడ జరిగింది అదే. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర మీద, కాన్ఫిగ్ ఫోల్డర్లోని ‘సిస్టం’ ఫైలు లేదు లేదా పాడైంది అని. విండోస్ తనంతట తాను బాగుచేసుకోబోయే స్టార్టప్ రిపేర్ తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. రీస్టోర్ పాయింట్ల లిస్టు చూస్తే ఖాళీ. చిన్న డిస్కు కదా అని ఆ పాయింట్లు దాచే సిస్టం ప్రొటెక్షన్‌కు తక్కువ జాగా ఇస్తే, అది నిండగానే పాతవి చెప్పాపెట్టకుండా పోతాయి. పక్క పార్టిషన్‌లో విండోస్ ఎక్స్‌పీ ఉంటే ఇంకా ఘోరం. అది ఒక్కసారి బూట్ అయితే చాలు, 7లో పెట్టుకున్న పాయింట్లన్నీ ఎగిరిపోతాయి.

అప్పుడు చేయాల్సింది ఇది. ఎఫ్8 నొక్కి రిపేర్ యువర్ కంప్యూటర్‌లోకి వెళ్లి కమాండ్ ప్రాంప్ట్ తెరవాలి. అది రాకపోతే విండోస్ డీవీడీతో బూట్ చేయాలి. చాలామంది తడబడేది డ్రైవ్ అక్షరం దగ్గర. 100 ఎంబీ సిస్టం రిజర్వ్‌డ్ పార్టిషన్ ఉన్న మిషన్లలో ఇక్కడ అదే ‘సీ’ అయి కూర్చుంటుంది, అసలు విండోస్ ‘డీ’లోకి పోతుంది. బీసీడీఎడిట్ (bcdedit) అని కొడితే ఓఎస్‌డివైస్ (osdevice) అన్న వరుసలో సరైన అక్షరం కనబడుతుంది. ఆ డ్రైవ్‌లో కాన్ఫిగ్ ఫోల్డర్‌కు వెళ్లి రెగ్‌బ్యాక్‌కు, ఫైళ్ల లిస్టు చూపే డీఐఆర్ (dir) కమాండ్ కొట్టాలి. డిఫాల్ట్, శామ్ (SAM), సెక్యూరిటీ, సాఫ్ట్‌వేర్, సిస్టం అని ఐదు ఫైళ్లుంటాయి. తేదీ, సైజు రెండూ చూడాలి. సాఫ్ట్‌వేర్ ఫైలు పదుల ఎంబీల్లో ఉండాలి. సున్నా కనబడితే అక్కడితో ఆపేయండి, అది కాపీ చేస్తే ఉన్నది కూడా పోతుంది.

కాన్ఫిగ్‌లోనే ఒక కొత్త ఫోల్డర్ చేసి, పాడైన ఫైలును ముందు అందులోకి తోసి, తర్వాత రెగ్‌బ్యాక్ నుంచి కాపీ చేయాలి. ఐదూ ఒకేసారి మార్చమని చెప్పేవాళ్లున్నారు, నేనైతే మెసేజ్‌లో పేరొచ్చిన ఫైలే ముందు మారుస్తా. సాఫ్ట్‌వేర్ ఫైలు ముట్టుకోకపోతే ఈ మధ్య ఎక్కించిన ప్రోగ్రాంల నమోదు అట్లే ఉంటుంది. శామ్ మారిస్తే లాగిన్ పాస్‌వర్డ్ పాతదైపోతుంది, అదీ గుర్తుండాలి. ఇక్కడ ‘సిస్టం’ ఒక్కటి మార్చి రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చింది. ప్రింటర్ కూడా లీగల్ సైజుతోనే పలికింది.

ఇంత పొగిడాను గానీ, ప్రింటర్ సైజు నిలిచింది రెగ్‌బ్యాక్ చలవ కాదు. డిఫాల్ట్ ప్రింటర్, తెలుగు కీబోర్డు లేఅవుట్ లాంటివి యూజర్ ఫోల్డర్లోని ఎన్‌టీయూజర్ (NTUSER.DAT) అనే ఫైల్లో ఉంటాయి. ఆ ఫైలు రెగ్‌బ్యాక్‌లో లేదు, అందులోని ‘డిఫాల్ట్’ మన యూజర్‌ది కాదు. ఎన్‌టీయూజర్ పాడైతే ఈ ఫోల్డర్ మనకు అక్కరకు రాదు. బాగున్నప్పుడే ఇంకో అడ్మిన్ లాగిన్ నుంచి దాన్ని విడిగా కాపీ తీసి పెట్టుకోవాలి.

రెండోది, ఉండేది ఒకే కాపీ. దాదాపు పది రోజులకోసారి రెగ్ఐడిల్‌బ్యాకప్ (RegIdleBackup) అనే, విండోస్ తనంతట తాను నడిపే టాస్క్ పాతదాని మీదే రాసేస్తుంది. చెడ్డ డ్రైవర్ పడ్డాక ఆ టాస్క్ నడిచిందంటే చెడే భద్రంగా దాగుతుంది. అందుకే డ్రైవర్ ఎక్కించే ముందు టాస్క్ షెడ్యూలర్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, రిజిస్ట్రీ దాకా వెళ్లి దాన్ని చేత్తో రన్ చేసి, ఐదు ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌కు ఎత్తుకోవాలి. నడుస్తున్న రిజిస్ట్రీ ఫైళ్లు కాపీ కావు, లాక్ అయి ఉంటాయి. రెగ్‌బ్యాక్‌వి అడ్మిన్ అనుమతి ఉంటే హాయిగా అవుతాయి. పైగా అదే డిస్కులో ఉండే కాపీ, డిస్కే పోతే దాంతోపాటే పోతుంది.

విండోస్ 10 వాళ్లు దీన్ని నమ్ముకోకండి. 1803 వెర్షన్ నుంచి అక్కడ ఫైళ్లు సున్నా సైజుతో ఉంటాయి, టాస్క్ మాత్రం సక్సెస్ అనే చూపిస్తుంది. పాత పద్ధతి కావాలంటే రిజిస్ట్రీలో సెషన్ మేనేజర్ కింద కాన్ఫిగరేషన్ మేనేజర్ కీలో ఎనేబుల్ పీరియాడిక్ బ్యాకప్ అనే డీవర్డ్ (DWORD) రకం విలువను, పేరు మధ్య ఖాళీల్లేకుండా, 1 అని పెట్టి రీస్టార్ట్ చేయాలి.

నెట్‌కు తగిలించకుండా, ఒకే పనికి వాడే 7 మిషను మీ దగ్గరుంటే దీనికి నా ఓటు. 2020 జనవరి 14తో దాని సపోర్టు అయిపోయింది కాబట్టి బ్యాంకు పనులు చేసే సిస్టంకు ఈ మాట చెప్పను. చేతిలో రెండో డిస్కు ఉండి మొత్తం ఇమేజ్, అంటే డిస్కుకు డిస్కే కాపీ, తీసుకునే ఓపికుంటే అదే నయం. మా సిస్టంకు రెండో డిస్కు లేదు, అందుకే పెన్‌డ్రైవ్‌తో నెట్టుకొస్తున్నాం.