వీధిలో వదిలేసిన కారు: కౌన్సిల్‌కు చెప్పడం మేలా, డీవీఎల్ఏకా, పోలీసులకా?

ఇంగ్లండ్‌లో ఇంటి ముందు నెలల తరబడి కదలకుండా పడి ఉన్న కారు గురించి ఫిర్యాదు చేయదలచినవారికి మూడు దారులున్నాయి: స్థానిక కౌన్సిల్, వాహనాల రిజిస్ట్రేషన్‌నూ పన్నునూ చూసే డీవీఎల్ఏ, పోలీసులు. మన దగ్గర నుంచి వచ్చినవారికి మొదట గుర్తొచ్చేది పోలీసులే. అందులో వింత లేదు. భారతదేశపు 1988 మోటారు వాహనాల చట్టంలోని 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో పది గంటలకు మించి వదిలేసిన వాహనాన్ని తొలగించమని ఆదేశించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారిదే. ఇంగ్లండ్‌లో మాత్రం ఆ బాధ్యత ప్రధానంగా కౌన్సిల్‌ది.

ఎవరికి చెప్పాలో తేల్చుకునే ముందు ప్రభుత్వ వెబ్‌సైటులో కారు నంబరు కొట్టి, పన్ను కట్టి ఉందో లేదో, ఎంఓటీ (వాహనం రోడ్డు మీద నడపడానికి పనికొస్తుందో లేదో చూసే ఏటేటి పరీక్ష) గడువు ఎప్పటిదాకా ఉందో చూడాలి. అద్దానికి అంటించే కాగితపు పన్ను బిళ్ల 2014 అక్టోబరు 1తోనే పోయింది కనుక, కారును చూసి ఈ సంగతి చెప్పలేం. ఈ తనిఖీకి డబ్బు కట్టనక్కర్లేదు, అయినా చాలామంది చేయరు.

పన్ను లేకపోవడమే కాక టైర్లలో గాలి పోయి, అద్దం పగిలి, నంబరు ప్లేటు ఊడి, లోపల చెత్త సంచులు పేరుకుని ఉంటే సందేహించకుండా కౌన్సిల్‌కే చెప్పాలి. అలాంటి వాహనాన్ని తొలగించడం 1978 నాటి చట్టం కౌన్సిల్ మీద పెట్టిన విధి. దయతలచి చేసే పని కాదు. కౌంటీ, డిస్ట్రిక్ట్ అని రెండు అంచెలున్న చోట ఇది డిస్ట్రిక్ట్ కౌన్సిల్ పని. అధికారి వచ్చి చూసి, ఎంతో కొంత విలువ ఉన్న వాహనమైతే యజమానిని వెతికి ఏడు రోజుల నోటీసు ఇస్తారు. ప్రైవేటు స్థలంలో ఉంటే ఆ స్థలంలో ఉంటున్నవారికి పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ఆలస్యమంతా ఇక్కడే. వదిలేసినవారు దొరికితే 200 పౌండ్ల జరిమానా వేయవచ్చు. కోర్టుకు వెళితే 2,500 పౌండ్ల వరకు జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ పడవచ్చు.

ఫిర్యాదులో ‘చాలా రోజులుగా ఉంది’ అని రాస్తే అధికారికి దాని వల్ల ఒరిగేదేమీ ఉండదు. నంబరు, రంగు, ఏ ఇంటి ఎదురుగా ఉంది, ఏ వైపు టైరు నేలకు అతుక్కుపోయింది, చక్రం పక్కన గడ్డి ఎంత ఎత్తు మొలిచింది అన్నవి ఫొటోలతో సహా ఇస్తే పని సులువవుతుంది. కిటికీ రబ్బరు మీద పచ్చగా నాచు పట్టినంత మాత్రాన సరిపోదు; తడి వాతావరణం వల్ల, నీడలో నిలిపిన మంచి కారుకు కూడా అక్కడ నాచు పడుతుంది.

ఇక డీవీఎల్ఏ సంగతి. దానికి కావలసింది పన్ను. కారు వల్ల మీ వీధికి కలిగే ఇబ్బందితో దానికి నిమిత్తం లేదు. కనుక బయటికి శుభ్రంగా కనిపిస్తూ, పన్ను మాత్రం కట్టని కారును కౌన్సిల్ ‘వదిలేసినది కాదు’ అని పక్కన పెట్టినప్పుడు ఈ దారి పనికొస్తుంది. పేరు చెప్పకుండానే ఆన్‌లైన్‌లో తెలియజేయవచ్చు. పొరుగువారితో గొడవ ఎందుకనుకునేవారికి ఇది పెద్ద ఊరట. పన్ను కట్టని కారు చక్రానికి డీవీఎల్ఏ క్లాంపు (కదలకుండా బిగించే తాళం) వేయిస్తే, ఇరవై నాలుగు గంటల్లోపు విడిపించుకోవడానికి 100 పౌండ్లు, ఎత్తుకెళితే 200 పౌండ్లు, ఆపైన నిల్వ ఉంచినందుకు రోజుకు 21 పౌండ్లు కట్టాలి. అయితే యజమాని పన్ను కట్టేసి, కారును అదే చోట ఉంచితే మీ సమస్య మొదటికే వస్తుంది.

కారు మలుపులో ప్రమాదకరంగా ఆగి ఉన్నా, దొంగిలించినదనో నేరానికి వాడినదనో గట్టి అనుమానం ఉన్నా అది పోలీసుల పని. 101కు, తక్షణ ప్రమాదముంటే 999కు ఫోన్ చేయాలి. మిగతా సందర్భాల్లో వారు మిమ్మల్ని కౌన్సిల్ దగ్గరికే పంపుతారు.

నా దృష్టిలో సాధారణంగా కౌన్సిలే మేలు, ఎందుకంటే కారును అక్కడి నుంచి తీసే బాధ్యత చట్టం దానికే అప్పగించింది. కాకపోతే పన్నూ ఎంఓటీ రెండూ సరిగ్గా ఉన్న కారు మీద ఎవరికీ ఫిర్యాదు చేయకపోవడమే మర్యాద. సంక్రాంతికో వేసవి సెలవులకో ఇండియా వెళ్లిన మన కుటుంబాల కార్లు కూడా ఆకులు కప్పుకుని అలాగే కనిపిస్తాయి. అలా వెళ్లేవారు పన్ను దండగని సోర్న్ (కారును రోడ్డు మీద వాడడం లేదని డీవీఎల్ఏకు చెప్పడం) ప్రకటించి కారును వీధిలో వదలకూడదు. సోర్న్ చేసిన వాహనం సొంత డ్రైవ్‌వేలోనో గ్యారేజీలోనో ఉండాలి, పబ్లిక్ రోడ్డు మీద ఉండకూడదు.