చెన్నైలో తారా బుక్స్: చేత్తో అచ్చేసిన పుస్తకాలు

చెన్నై వెళ్తే తిరువాన్మియూర్‌లో తారా బుక్స్ వాళ్ల బుక్ బిల్డింగ్ (పుస్తకాల దుకాణం ఉన్న వాళ్ల సొంత భవనం) తప్పకుండా చూడండి. 1994లో గీతా వుల్ఫ్ మొదలుపెట్టిన ఈ చిన్న ప్రచురణ సంస్థ గోండు కళాకారులను ఉత్త బొమ్మలేసేవాళ్లుగా కాకుండా అట్ట మీద పేరు వేసి రచయితలుగా నిలబెడుతుంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. నేను కొన్నది ‘ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’. భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఊర్వేతి గీసిన చెట్లు. చేత్తో చేసిన నల్ల కాగితం మీద ఒక్కో రంగూ విడిగా స్క్రీన్ ప్రింటింగ్ చేశారు, పేజీని వేలితో తడిమితే రంగు కాస్త గరుగ్గా తగులుతుంది, తెరవగానే సిరా వాసన. ప్రతి కాపీకీ నంబరుంది. ధర ఎక్కువే, చదువుకునే పిల్లలకు కష్టం, కానీ కుట్టు కూడా చేతిపనే కదా, నాకు న్యాయమే అనిపించింది. మన చేర్యాల పటచిత్రాలు గీసే నకాషీ కళాకారులతో తెలుగులో ఇలాంటిది ఎవరైనా వేస్తే ముందే డబ్బు కట్టేస్తాను.