బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనేవారికి జాగ్రత్త: అడిగినది తప్ప అన్నీ చూపిస్తుంది

అనంతపురంలో విత్తనాల దుకాణాలకు ఈ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నది ఎవరో మీలో చాలామందికి తెలుసు కనుక పేరు రాయడం లేదు. పోయిన వారం 18,000 రూపాయలు కట్టి పాతూరులోని మా దుకాణంలో పెట్టించుకున్నాను. మొత్తం ముందే కట్టడం నా తెలివి.

నిన్న పదును వాన పడి రైతులు గుమిగూడిన వేళ, వెతికే గడిలో 'కదిరి' అని కొట్టాను. కంది, ఆముదం, కొర్ర, పెసర అన్నీ వచ్చాయి; కదిరి 6, కదిరి లేపాక్షి అనే వేరుశనగ రకాలు మాత్రం రాలేదు. ఒక పెద్దాయన నా వెనక ఉన్న మూటలకేసి వేలు చూపించి, "ఆడుండాయి కదప్పా" అన్నారు.

ఫోన్ చేస్తే అమ్మినాయన, "పేరుకు ముందర ఒక చుక్క పెట్టుకోన్నా, వస్తాది" అన్నాడు. పెట్టాను. చుక్క పెట్టిన కదిరి 6 వచ్చింది, దానితోపాటు దుకాణంలోని సరుకంతా వచ్చింది. ఆ మాట చెబితే, "వచ్చింది కదా, ఇంకేం కావల్లన్నా?" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు.

రాత్రి ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు ఆ ప్రోగ్రాము తెరిచి ఒక్క వరుస చూపించాడు. అది రాసిన జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇండెక్స్‌ఆఫ్ అనే ఆదేశం, సరుకు పేరులో మనం వెతికే మాట ఉందో లేదో చెప్పదు, ఎన్నో స్థానంలో మొదలవుతుందో చెబుతుంది. లెక్క సున్నాతో మొదలవుతుంది, దొరకకపోతే మైనస్ 1 వస్తుంది. ఈ మహానుభావుడు ఆ అంకెను దేనితోనూ పోల్చకుండా నేరుగా ఇఫ్ షరతులో, అంటే 'అవును అయితే సరుకు చూపించు' అనే చోట పడేశాడు. ఇఫ్‌కు సున్నా అంటే 'కాదు', మైనస్ 1 అంటే 'అవును'. అందువల్ల పేరు మొదట్లోనే కదిరి ఉన్న సరుకు లేనట్టూ, ఆ మాటే లేని కొర్ర ఉన్నట్టూ లెక్క తేలింది. చుక్క పెట్టగానే కదిరి సున్నా నుంచి ఒకటో స్థానానికి జరిగింది, అంతే. ఆ కిటుకు చెప్పగలిగినవాడికి తప్పెక్కడుందో తెలియదంటే నేను నమ్మను. ఫలితం మైనస్ 1 అవునా కాదా అని పోల్చితే సరిపోయేది. 2015 నుంచి ఆ భాషలో ఉన్న ఇన్‌క్లూడ్స్ వాడినా అవును, కాదు అనే జవాబే నేరుగా వచ్చేది.

కొనేనాడు నాలుగే సరుకులు ఎక్కించి, 'లేపాక్షి' అని వెతికి చూపించాడు. 'కదిరి లేపాక్షి'లో ఆ మాట ఆరో స్థానంలో మొదలవుతుంది, ఎందుకంటే యంత్రం క, ద, గుడి, ర, గుడి, ఖాళీ అని గుడులను కూడా విడివిడిగా లెక్కపెడుతుంది. నాలుగు పేర్లూ తెరమీదే నిలిచాయి. కావలసినది కనబడిందని మురిసిపోయానే గాని, మిగతా మూడూ ఎందుకు తొలగిపోలేదని అడగలేదు.

కొనబోయేవారు డబ్బు ఇచ్చే ముందు సరుకు పేరులోని మొదటి మాటతో ఒకసారి వెతకండి, తర్వాత 'ఏనుగు' అని కొట్టండి. ఏనుగుకు కూడా సరుకంతా కనిపిస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి.