99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో సర్క్యూట్ బోర్డుల శుభ్రత: దీర్ఘకాల వాడకం తర్వాత ఒక సమీక్ష

మురికి పట్టిన సర్క్యూట్ బోర్డులను శుభ్రం చేయడానికి నేను ఏళ్ల తరబడి ప్రధానంగా వాడుతున్నది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. రిపేరు పనివాళ్లు దీన్ని ఐపీఏ అంటారు. సోల్డరింగ్ (కరిగించిన లోహంతో భాగాలను అతికించడం) తర్వాత మిగిలే ఫ్లక్స్, అంటే అతుకు బాగా పట్టడానికి వాడే జిగురులాంటి పదార్థం, దుమ్ముతో కలిసి గట్టిపడిన జిడ్డు, కారిపోయిన బ్యాటరీ వదిలిన తెల్లటి పొడి, ఉప్పునీటిలో తడిసిన బోర్డు మీది పచ్చటి చిలుము, వీటన్నిటి మీదా దీన్ని వాడిన తర్వాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఐపీఏ చాలా మంచి ద్రావణి, కానీ ప్రతి మురికికీ అది మందు కాదు. బోర్డు మీద ఉన్నది ఏ రకం మురికో తేల్చుకున్న తర్వాతే సీసా మూత తీయాలి.

ఫ్లక్స్ విషయంలో దీని పనితనానికి వంక పెట్టడానికి లేదు. పైన్ చెట్ల జిగురు నుంచి వచ్చే రోజిన్ ఇందులో తేలిగ్గా కరుగుతుంది. దీని తలతన్యత నీటి తలతన్యతలో దాదాపు మూడో వంతే కాబట్టి, ఐసీ (చిప్) కాళ్ల మధ్యకూ చిన్న చిన్న భాగాల అడుగుకూ ఇది ఇట్టే చొరబడుతుంది. 82.5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగే ద్రవం కావడంతో గది వేడిమికే త్వరగా ఆరిపోతుంది. వేలిముద్రలు, పలుచటి నూనె, చిప్‌ల వేడిని బయటికి పంపడానికి పూసే థర్మల్ పేస్టు పాతబడినా, అది కూడా దీనికి బాగానే లొంగుతాయి.

అయితే కరిగించడం వేరు, తొలగించడం వేరు. చాలామంది బ్రష్‌ను ఐపీఏలో ముంచి, బోర్డు మీద నాలుగు సార్లు రుద్ది, ఆరిపోగానే పని అయిపోయిందనుకుంటారు. ఆరిపోయింది ఆల్కహాల్ మాత్రమే. అందులో కరిగిన ఫ్లక్స్ ఎక్కడికీ పోదు. మురికి గుడ్డతో గచ్చు తుడిచినట్టు, ఒకచోట ఉన్న మడ్డి బోర్డంతా పలుచగా పరుచుకుంటుంది. కాసేపటికి కనిపించే తెల్లటి పొర, వేలికి తగిలే జిగట, దాని మీద మళ్లీ చేరే దుమ్ము, ఇవన్నీ అలా మిగిలిపోయినవే. నేను అనుసరించే పద్ధతిలో బోర్డును ఏటవాలుగా పట్టుకుని, పై నుంచి ఐపీఏ ధారాళంగా పోస్తూ బ్రష్‌తో కిందికి రుద్దుతాను. ఆ తర్వాత నూలుపోగులు రాలని వస్త్రాన్ని బోర్డు మీద పరిచి, దాని పై నుంచే తడి బ్రష్‌తో అద్దుతాను. కరిగిన మురికిని వస్త్రం పీల్చుకుంటుంది. చివరగా తాజా ఐపీఏతో ఒకసారి కడిగి, ఆరేలోపే మరో పొడి వస్త్రంతో అద్దేస్తాను. చెవిపుల్లల దూది సోల్డర్ మొనలకు చిక్కుకుని పోగులు వదులుతుంది కాబట్టి దాన్ని సాఫీగా ఉన్న కనెక్టర్ ఉపరితలాలకే పరిమితం చేస్తాను.

నో-క్లీన్ ఫ్లక్స్, అంటే సోల్డరింగ్ తర్వాత కడగనక్కరలేని రకం, గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకప్పుడు పరిశ్రమల్లో బోర్డులు కడగడానికి ఓజోన్ పొరకు హాని చేసే సీఎఫ్‌సీ-113 అనే ద్రావణిని విరివిగా వాడేవారు. ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని వదిలించుకోవలసి వచ్చింది, నో-క్లీన్ ఫ్లక్స్‌ల వాడకం పెరగడానికి అదొక ముఖ్య కారణం. ఈ ఫ్లక్స్‌లోని చురుకైన రసాయనాలను గట్టిపడిన రెసిన్ తనలో బంధించి ఉంచుతుంది. సగం సగం కడిగితే ఆ రక్షణ కవచం పోయి రసాయనాలు బయటపడతాయి, పరిస్థితి మొదటికంటే అధ్వానమవుతుంది. అందువల్ల దాన్ని అయితే పూర్తిగా కడగాలి, లేదా అసలు ముట్టుకోకూడదు.

ఐపీఏ ఓడిపోయేది లవణాల దగ్గర. చెమట, ఉప్పునీరు, బ్యాటరీ నుంచి కారిన క్షారం, నీటిలో కరిగే రకం ఫ్లక్స్ వంటి వాటిని స్వచ్ఛమైన ఆల్కహాల్ సరిగా కరిగించలేదు. బోర్డు చూడ్డానికి మెరుస్తూనే ఉంటుంది కానీ, గాలిలో తేమ చేరి కరెంటు ప్రవహించగానే మిగిలిన అయాన్లు (లవణాల్లోని విద్యుదావేశం గల కణాలు) ట్రాక్‌ల, అంటే బోర్డు మీది రాగి దారుల, మధ్య కరెంటు లీకేజీకి దారి ఇస్తాయి, కాలక్రమంలో లోహపు తీగల్లాంటి పెరుగుదలలు ఏర్పడి షార్టు కూడా కావచ్చు. బోర్డుల మీది అయాన్ల మురికిని కొలవడానికి పరిశ్రమల్లో చిరకాలంగా వాడుతున్న రోజ్ పరీక్షలో సైతం 75 శాతం ఐపీఏకి 25 శాతం శుద్ధజలం కలిపేది, ఆల్కహాల్ ఒక్కటే లవణాలను బయటికి లాగలేదనే. కనుక ఇలాంటి బోర్డులకు ముందు డిస్టిల్డ్ వాటర్, తర్వాతే ఐపీఏ. కుళాయి నీటిలో కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్ ఉంటాయి కాబట్టి చివరి కడుగుడుకు అది పనికిరాదు.

ఆల్కలైన్ బ్యాటరీ కారిన చోట కనిపించే తెల్లటి పొడి, పొటాషియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఏర్పడిన పొటాషియం కార్బొనేట్. దీని మీద తెల్ల వెనిగర్‌ను చుక్కలుగా వేస్తే నురగ వస్తుంది, నురగ ఆగేదాకా వేయాలి. ఆ వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడగాలి, ఎందుకంటే మిగిలిపోయిన వెనిగర్ కూడా రాగిని తినేస్తుంది. ఆ నీటిని తరిమేయడానికి మాత్రం ఐపీఏకి సాటి లేదు. లెడ్-యాసిడ్ బ్యాటరీ అయితే కారేది సల్ఫ్యూరిక్ ఆమ్లం కనుక వెనిగర్‌కు బదులు వంటసోడా కలిపిన నీరు వాడాలి. ఈ రెండూ తారుమారు కాకూడదు. చేతులకు నైట్రైల్ గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

అల్ట్రాసోనిక్ క్లీనర్‌ను కూడా చాలాకాలంగా వాడుతున్నాను. దాదాపు 40 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగాలు నీటిలో పుట్టించే సూక్ష్మమైన బుడగలు పగులుతూ, బ్రష్ చేరలేని చోటి మురికిని కదిలిస్తాయి. ఫోన్ బోర్డుల మీది షీల్డుల (చిప్‌లను కప్పే లోహపు మూతల) కింద ఇది చేసే పని చేత్తో సాధ్యం కాదు. కానీ అదే కంపనం క్వార్ట్జ్ క్రిస్టళ్లకు, ముఖ్యంగా 32.768 కిలోహెర్ట్జ్ రకానికి, అలాగే మెమ్స్ (చిప్ లోపలే అతి సూక్ష్మమైన కదిలే భాగాలుండే) మైక్రోఫోన్లకు, గైరోస్కోపులకు హాని చేయగలదు. అవి ఉన్న బోర్డులను నేను అందులో వేయను. ఇంకొక హెచ్చరిక: తొట్టిలో ఐపీఏ ఎన్నటికీ పోయకూడదు. దాని ఫ్లాష్ పాయింట్ దాదాపు 12 డిగ్రీలు, అంటే మామూలు గదిలోనే దాని ఆవిరి నిప్పంటుకోగలదు. ఆ ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి బల్ల మీదా నేల మీదా పాకుతూ పోతుంది. సోల్డరింగ్ ఐరన్, హాట్ ఎయిర్ ఆపేసి, కిటికీలు తెరిచిన తర్వాతే నేను పని మొదలుపెడతాను.

విద్యుత్ భద్రత ఇంకా ముఖ్యం. ప్లగ్ తీసేసినంత మాత్రాన బోర్డు చచ్చిపోదు. 230 వోల్టుల మీద నడిచే స్విచింగ్ పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులు నిలిచి ఉండవచ్చు. తగిన రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేసి, మల్టీమీటర్‌తో సరిచూసుకున్నాకే చేయి పెట్టాలి. స్థిర విద్యుత్తు వల్ల కూడా ఐసీలు దెబ్బతింటాయి కాబట్టి సాధారణ నైలాన్ బ్రష్‌కు బదులు యాంటీ-స్టాటిక్ బ్రష్ వాడటం మేలు. ఇదే కారణంగా ఇంట్లోని వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డు దగ్గరికి తీసుకురావద్దు.

ఐపీఏ చాలా ప్లాస్టిక్‌లకు హాని చేయదు కానీ యాక్రిలిక్ తెరల మీద సన్నటి పగుళ్లు తెస్తుంది, యాక్రిలిక్ రక్షణ పూతలను మెత్తబరుస్తుంది. పొటెన్షియోమీటర్లలోకి (తిప్పి సరిచేసే రెసిస్టర్లలోకి), మూత లేని రిలేలలోకి (విద్యుత్తుతో పనిచేసే స్విచ్చుల్లోకి) చేరితే గ్రీజును కరిగించి ఫ్లక్స్‌ను లోపలికి మోసుకెళ్తుంది. అసిటోన్ అయితే ఏబీఎస్‌ను, పాలీస్టైరీన్‌ను కరిగించేస్తుంది కాబట్టి బోర్డుల పనిలో దానికి చోటే లేదు. బంగారు పూత ఉన్న కనెక్టర్ అంచులను పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్దే అలవాటు కూడా నాకు నచ్చదు. ఆ పూత మందం సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు, రుద్దిన ప్రతిసారీ కొంత పోతుంది.

70 శాతం రకాన్ని వాడవచ్చా అంటే, అది క్రిమిసంహారానికి తయారైనది. ఆల్కహాల్ ముందే ఎగిరిపోయి మిగిలిన నీరు ఐసీల కింద నిలిచిపోతుంది. 99 శాతం రకం సైతం మూత తెరిచి ఉంచితే గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి నేను చిన్న సీసాలోకి వంచుకుని, పెద్ద డబ్బాను వెంటనే బిగించేస్తాను. నీటితో కడిగిన బోర్డును 50 నుంచి 60 డిగ్రీల వెచ్చటి గాలిలో చాలా గంటలు ఆరబెడతాను. అడుగున సోల్డర్ బంతులతో అతికే బాల్ గ్రిడ్ ఐసీలు ఉంటే ఒక రాత్రంతా. ఆ తర్వాత కరెంటు సరఫరా చేసే పవర్ లైన్లకూ గ్రౌండుకూ మధ్య రెసిస్టెన్స్ కొలిచి, కరెంటు పరిమితి తక్కువగా పెట్టిన బెంచ్ సప్లైతో (వోల్టేజీ, కరెంటు మనమే నిర్ణయించగల విద్యుత్ సరఫరా పరికరంతో) మొదటిసారి ఆన్ చేస్తాను.