ఒక్కరోజు సాగర్ టూర్: బుద్ధుడికి ముప్పావుగంట, ఫొటోలకు గంటన్నర

పోయిన ఆదివారం అమ్మని, పిన్నిని తీసుకుని హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ ఒక్కరోజు ప్యాకేజీకి వెళ్లొచ్చాను. సంస్థ పేరు రాయను. బస్సు శుభ్రంగా ఉంది, డ్రైవర్ గారు జాగ్రత్తగా నడిపారు, టిఫిన్ వేడివేడిగా పెట్టారు. వాటికి వంక పెట్టను. కానీ 274 ఎకరాల బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనానికి ముప్పావుగంట ఇచ్చి, డ్యాం దగ్గర ఫొటోలకు గంటన్నర ఆపారు. ప్యాకేజీలో రాసిన, జలాశయం మధ్య దీవిలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికైతే తీసుకెళ్లనే లేదు, లాంచీకి టైం చాలదన్నారు.

నేను వెళ్లిందే ఆ కొండ కోసం. 2025 మేలో వియత్నాంలో ఐక్యరాజ్యసమితి వేసక్ (బుద్ధపూర్ణిమ) ఉత్సవాలప్పుడు మన ప్రభుత్వం సారనాథ్ నుంచి బుద్ధుడి పవిత్ర ధాతువులను (శరీర అవశేషాలను) వాయుసేన విమానంలో పంపింది కదా, అవి దొరికింది ఈ నాగార్జునకొండ తవ్వకాల్లోనే. కేంద్రమంత్రి కిరణ్ రిజిజుతో పాటు ఆంధ్రప్రదేశ్ మంత్రి కందుల దుర్గేష్ కూడా వెళ్లారు. మే 21 దాకా అనుకున్న దర్శనాన్ని జనం తాకిడి చూసి జూన్ 2 వరకు పొడిగించారు. అంతకుముందు, 2024లో, మనం థాయిలాండ్‌కి వేరే ధాతువులు పంపితే, అదే ఏడాది డిసెంబర్‌లో చైనా బీజింగ్ నుంచి బుద్ధుడి దంతధాతువును అదే దేశానికి పంపింది. రెండు పెద్ద దేశాలు ఒకే బుద్ధుణ్ణి పట్టుకుని పొరుగువాళ్ల మనసు గెలవాలని చూస్తున్నాయి.

బుద్ధుడి పేరుతో దూరదేశాలతో సంబంధాలు ఈ కొండకి కొత్త సంగతి కాదు. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, బోధిసిరి అనే ఉపాసిక (బౌద్ధాన్ని పాటించే గృహిణి) ఇక్కడ సింహళ, అంటే శ్రీలంక, భిక్షువుల కోసం చైత్యగృహం (స్తూపం ఉన్న ప్రార్థనామందిరం) కట్టించింది. ఆమె వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చైనా పేర్లు కూడా ఉన్నాయి. అంటే కృష్ణ ఒడ్డున కూర్చున్న ఒక మామూలు ఆడమనిషికి అంత దూరం ప్రపంచం తెలుసన్నమాట! బుద్ధవనంలో శ్రీలంక వాళ్లిచ్చిన 27 అడుగుల అవుకన బుద్ధుడి (శ్రీలంకలోని ప్రసిద్ధ రాతి విగ్రహం) నమూనా ముందు నిలబడితే నాకు ఆమే గుర్తొచ్చింది. మా గైడ్ మాత్రం "శ్రీలంక వాళ్లు ఇచ్చారండీ, తొందరగా ఫొటో దిగండి" అని ముందుకు నడిచాడు. మహాస్తూపం లోపల అమ్మ రెండు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుందామంటే, బస్సుకి లేటవుతోందని లేపేశారు. అది నాకు చాలా కష్టంగా అనిపించింది.

ధాతువులు పంపినంత మాత్రాన దేశాల మధ్య గొడవలు తీరిపోతాయని నేననను. అయినా గంటల తరబడి క్యూలో నిలబడి దర్శనం చేసుకున్న వియత్నాం మనిషి, ఇవి ఎక్కడ దొరికాయో చూద్దామని రేపు ఇక్కడికొస్తే ఇలాంటి టూరే చేతిలో పెడతామా? సంస్థ వాళ్లకి ఇదంతా రాసి పంపాను, ఇంకా జవాబు లేదు.

బస్సుకి, టిఫిన్‌కి కలిపి ఐదుకి రెండు మార్కులు. వెళ్లాలనుకునేవాళ్లు సొంత బండిలో తెల్లవారకముందే బయల్దేరండి. విజయపురి సౌత్‌లో లాంచీ వేళలు ముందుగా కనుక్కోండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. బుద్ధవనానికి కనీసం మూడు గంటలు ఉంచుకోండి, పెద్దవాళ్లుంటే ఎండ ఎక్కకముందే చూసేయండి. మేం వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం, ఈసారి ముందు కొండకే.